మునగడం నేర్చుకున్నాను

నీళ్లలో మునగడానికి చదువెందుకు, దిగితే సరిపోదా అని మీరనుకోవచ్చు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. తలలో నల్లవెంట్రుకల కంటే తెల్లవెంట్రుకలే ఎక్కువైన తరవాత, యాభై రెండో ఏట, మునగడానికి ఒక పరీక్ష ఉందనీ, అందులో నెగ్గితే ఫొటోతో సహా కార్డు ఇస్తారనీ తెలిసింది. ఆ కార్డు ఇప్పుడు నా జేబులో ఉంది. అయితే నేను చెప్పదలచుకున్నది కార్డు గొప్ప కాదు. కార్డు వచ్చాక జరిగిన ఒక చిన్న సంగతి.

మాది కోట్‌పల్లి దగ్గర పల్లె. ఉద్యోగం తాండూరులో బడిపంతులుగిరీ. తాండూరనగానే నాపరాళ్లూ కందిపప్పూ గుర్తుకొస్తాయి గాని నీళ్లు గుర్తుకు రావు. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ మమ్మల్ని కాదని తూర్పుగా హైదరాబాదుకు వెళ్లిపోయింది. మా పాలికి మిగిలింది కాగ్నా. ఆ కాగ్నాలోకి పోయే వాగుకు అడ్డంగా 1967లో కట్ట కట్టారు. దాని వెనక నిలిచిన నీళ్లే కోట్‌పల్లి ప్రాజెక్టు. చుట్టూ అడవి, మధ్యన నీళ్లు. నా చిన్నతనంలో అది పొలాలకు నీళ్లిచ్చే చోటే గాని, పనిగట్టుకుని చూడవలసిన చోటని ఎవరికీ తోచలేదు. తరవాత్తరవాత పట్నం వాళ్లు వచ్చి, లైఫ్ జాకెట్లు తొడుక్కుని, కయాకులనే సన్నపడవలెక్కి తెడ్లు వేయడం మొదలుపెట్టారు.

నేను మాత్రం ఆ నీళ్లలో పాదం పెట్టి ఎరగను. అందుకు కారణం మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరమూ నోరెత్తి చెప్పుకోం. 1984 ఎండాకాలంలో మా తమ్ముడు మా పొలం బావిలో పోయాడు. వాడికి తొమ్మిదేళ్లు, నాకు పదకొండు. ఆనాటి నుంచి మా అమ్మకు నీళ్లంటే బిందెలో ఉన్నవే. పుష్కరాలకు పోయినా చెంబుతో నెత్తిన చల్లుకుని వచ్చేది.

ఇలాంటి ఇంట్లో పుట్టిన మా అమ్మాయి, హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్నది, స్నేహితురాళ్లతో వచ్చి కోట్‌పల్లిలో పడవ వేసింది. అంతటితో ఊరుకోలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర, "నాన్నా, నేను స్కూబా నేర్చుకుంటా" అన్నది.

మా ఆవిడ చేతిలో గరిటె అలాగే నిలిచిపోయింది. నేను అమ్మ ముఖం వైపు చూడలేదు. చూడకుండానే, "ఆ పిచ్చి మాటలు కట్టిపెట్టు" అన్నాను.

చాలాసేపటికి అమ్మే మాట్లాడింది. "ఏందది బిడ్డా?"

మనవరాలు చెప్పింది. వీపుకు గాలి సిలిండరు కట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని, సముద్రం అడుగున ఊపిరి పీల్చుకుంటూ చేపల్లా తిరగడమట. 1943లో ఫ్రాన్సులో కూస్తో అనే నావికాధికారి, గాన్యాఁ అనే ఇంజనీరు కలిసి ఆ పరికరాన్ని తయారు చేశారట. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క మోటారుకార్లను గ్యాసుతో నడిపేవారు. ఆ కార్లకని చేసిన కవాటాన్నే గాన్యాఁ మనిషి ఊపిరికి సరిపడేలా మార్చాడట. మనం పీల్చినప్పుడే గాలి వస్తుంది, ఎంత లోతులో ఉంటే అంత ఒత్తిడితో వస్తుంది. అదీ అందులోని కిటుకు.

అమ్మ అంతా విని, "ఎట్ల చేసినా పోనియ్యనంటే ఆగుతదా ఇది? ఆగది. చెప్పకుండ పోతది. ఒక్కదాన్ని పంపకు. నువ్వు గూడ పో. పక్కపొంటి ఉండు" అన్నది.

తీర్పు అయిపోయింది. అప్పీలు లేదు.

ఇక నా చదువు మొదలైంది. ముందుగా ఒక ఆరోగ్యపత్రం ఇచ్చారు. ఉబ్బసం ఉందా, గుండెజబ్బు ఉందా అని వరసగా ప్రశ్నలు. నా వయసు చూసి డాక్టరు సంతకం కూడా తెమ్మన్నారు. తరవాత ఈత. ఆగకుండా రెండు వందల మీటర్లు ఈదాలి, ఏ ఆధారమూ లేకుండా పది నిమిషాలు తేలాలి. ఈత నాకు వచ్చును. నలభై ఏళ్లు దాని జోలికి పోలేదంతే. హైదరాబాదులో ఈతకొలనులో దిగిన మొదటి ఆదివారం నా కాళ్లు వణికింది చలికి కాదని అమ్మాయికి తెలుసునో లేదో, నేను చెప్పలేదు.

ఆ కొలనులోనే అసలు విద్యలు. కళ్లజోడు లాంటి మాస్కులోకి కావాలని నీళ్లు నింపుకుని, ముక్కుతో గాలి వదిలి బయటికి నెట్టడం. నోట్లోని గొట్టం తీసేసి మళ్లీ వెతికి పట్టుకోవడం. గాలి అయిపోయిందని సైగ చేసి పక్కవాడి రెండో గొట్టంతో పీల్చడం. గాలి నింపే చొక్కాలోకి కొంచెం కొంచెంగా గాలి వదులుతూ, తేలకుండా, మునగకుండా మధ్యలో నిలవడం. ఈ చివరిది వినడానికి సులువు. నేను మాత్రం మూడు వారాలు గాలిబుడగలా పైకీ, గుండ్రాయిలా కిందకీ ప్రయాణాలు చేశాను.

మాస్టారు చెప్పిన మొదటి సూత్రం నన్ను ఆశ్చర్యపెట్టింది. "ఎప్పుడూ ఊపిరి బిగబట్టకండి." మా పల్లెలో నీళ్లలో దిగే పిల్లవాడికి చెప్పే మొదటి మాట "ఊపిరి బిగబట్టు" అనే. ఇక్కడ సరిగ్గా తలకిందులు. కారణం లెక్కల మాస్టరుగా నాకు చప్పున అర్థమైంది. పది మీటర్ల లోతుకు పోతే మన మీద ఒత్తిడి రెట్టింపవుతుంది, ఇరవైకి మూడింతలు. పది మీటర్ల దగ్గర ఊపిరితిత్తుల నిండా పీల్చిన గాలి, బిగబట్టి పైకి వస్తే, రెండింతలుగా ఉబ్బాలి. దానికి చోటెక్కడ? అందుచేత పీలుస్తూ వదులుతూ ఉండాలి.

పైకి నెమ్మదిగా రావాలన్నదానికి గోలీసోడా ఉదాహరణ చెప్పారు. లోతులో పీల్చిన గాలిలోని నత్రజని ఒత్తిడికి రక్తంలో కరుగుతుంది. నింపాదిగా వస్తే ఊపిరితోనే బయటపడుతుంది. గోలీ కొట్టినట్టు ఒక్కసారిగా ఒత్తిడి తీసేస్తే నురగే. అందుకని పైకి వచ్చేముందు అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం మర్యాద.

ఇక జోడీ. ఒంటరిగా దిగకూడదు. దిగేముందు ఒకరి సామాను ఒకరు తడిమి చూడాలి, నీళ్లలో చెయ్యిచాపు దూరంలో ఉండాలి. మా అమ్మ చెప్పినదాన్నే వీళ్లు పుస్తకంలో అచ్చు వేయించారు.

సముద్రపు పాఠాలకు విశాఖపట్నం వెళ్లాం. రుషికొండ దగ్గర పడవలోంచి వెనక్కి వాలి నీళ్లలో పడ్డప్పుడు నాకు కనిపించింది ఆకుపచ్చటి మసక మాత్రమే. గుండె దడదడలాడింది. అయితే పీల్చినప్పుడల్లా గాలి వచ్చింది! బుడగల చప్పుడు తప్ప మరొకటి లేదు. కాసేపటికి బండలు కనిపించాయి. బండ సందులో విసనకర్రల్లాంటి రెక్కలు విప్పుకుని ఒక సింహచేప, అదేమంత గొప్ప విషయం కానట్టు, మమ్మల్ని చూసింది. ముట్టుకోకూడదు, దాని ముళ్లు విషం. అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని చూపించింది. మాస్కులో దాని కళ్లు నవ్వుతున్నాయి.

రెండు రోజుల్లో నాలుగు మునకలు. ఆఖరు మునక అయిన సాయంత్రమే అరకు పోదామన్నది అమ్మాయి. మాస్టారు వద్దన్నారు. విమానమే కాదు, ఎత్తయిన ఘాటురోడ్డు ఎక్కడం కూడా మునిగిన వెంటనే మంచిది కాదట. సోడా సూత్రమే. అరకు ప్రయాణం మానుకుని, బీచిలో మొక్కజొన్నపొత్తులు తిన్నాం.

కార్డు వచ్చింది. ఇచ్చింది 1966లో అమెరికాలో మొదలైన "ప్యాడీ" అనే సంస్థ. ఆ పేరు విని మా పక్కింటి రైతు, "ప్యాడీ కార్డా సారూ? వడ్లు కొనే కాడ పనికొస్తదా?" అని అడిగాడు. నేను లోతుల గురించి వివరించబోతే, "వడ్లకు పనికిరానిది ఇంకెందుకు" అని వెళ్లిపోయాడు.

అతని మాట కొట్టిపారేయదగ్గది కాదు. ఆ కార్డుతో పద్ధెనిమిది మీటర్ల దాకా దిగవచ్చు. అంతేగాని దిగడం వచ్చునని కాదు. నా మొదటి మునకలో గాలి ఇరవై అయిదు నిమిషాలకే హరించుకుపోయింది. అదే సిలిండరులో అమ్మాయికి సగం మిగిలింది. భయపడ్డవాడు ఎక్కువ పీలుస్తాడు. మునకల లెక్క రాసుకునే పుస్తకం ఒకటి ఉంటుంది. ఎంత లోతు, ఎంతసేపు, ఎంత గాలి మిగిలింది, ఏం చూశాం; కింద జోడీ సంతకం. అనుభవమంటే ఆ పేజీలు నిండడమేనని నేననుకున్నాను. అంకెలు పెరగాలని ఆశ పుట్టింది.

మరుసటి శీతాకాలంలో కన్నడదేశపు తీరాన మురుడేశ్వరం పోయాం. అక్కడినుంచి పడవలో గంటన్నర పోతే నేత్రాణి ద్వీపం. నీళ్లు మా రుషికొండ కంటే తేటగా ఉన్నాయి. మొదటిరోజు రెండు మునకలు అద్భుతంగా జరిగాయి. ఆ రాత్రి నాకు జలుబు చేసింది. ఇంతదూరం వచ్చాం, డబ్బు కట్టాం, అమ్మాయికి మళ్లీ సెలవులెప్పుడో! ఎవరికీ చెప్పకుండా మాత్ర వేసుకున్నాను.

కిందకి దిగుతున్నకొద్దీ, మీటరు మీటరుకూ ముక్కు మూసి మెల్లగా గాలి ఊది చెవుల్ని సరిచేసుకోవాలి. ఆ ఉదయం నాలుగు మీటర్ల దగ్గర ఎడమచెవి తెరుచుకోలేదు. నొప్పి. ఇంకొంచెం దిగితే అదే సర్దుకుంటుందనుకున్నాను. అమ్మాయి నా ముఖం చూసి, బాగున్నావా అని సైగ చేసింది. బాగున్నానన్నాను. అది నమ్మలేదు. బొటనవేలు పైకెత్తింది. బయట ఆ సైగకు భేష్ అని అర్థం. నీళ్లలో "పైకి పోదాం" అని. నేను అడ్డంగా తలూపి కిందకి చూపించాను. అది చెయ్యి దించలేదు. నన్ను పట్టుకుని, బొటనవేలు అలాగే నిలిపి, కళ్లలోకి చూస్తూ ఉండిపోయింది.

నియమం ఇది: జోడీలో ఎవరైనా, ఎప్పుడైనా, కారణం చెప్పకుండా మునక ముగించవచ్చు. రెండోవాళ్లు వాదించకూడదు. పైకి వచ్చాం.

పడవలో నేను ముఖం ముడుచుకుని కూర్చున్నాను. "ఇంకొక్క మీటరు దిగితే అయిపోయేది గదా! ఇంకొక్కసారి ప్రయత్నించనియ్యవలసింది" అన్నాను.

నా నోటినుంచి వచ్చిన ఆ మాట నా చెవినే పడింది. ఒళ్లు చల్లబడింది.

ఆ ఎండాకాలం బావిగట్టున కూర్చుని అంకెలు లెక్కపెట్టింది నేనే. అడుగు ముట్టి గుప్పెడు మట్టి తెమ్మని పందెం కట్టింది నేనే. తమ్ముడు వట్టిచేతులతో పైకి తేలి, రొప్పుతూ, "చాలన్నా" అన్నాడు. నేను, "ఇంకొక్కసారి" అన్నాను. ఈ సంగతి నలభై ఏళ్లలో ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా.

ఇంటికి వచ్చిన రోజు రాత్రి అమ్మ పడక దగ్గర కూర్చున్నాను. నేత్రాణిలో పిల్ల చేసిన పని చెప్పాను. తరవాత బావి సంగతి చెప్పాను. చెపుతూ ఆమె వైపు చూడలేకపోయాను.

"నాకెర్కనే కొడుకా" అన్నది అమ్మ. "ఆ ఎండకాలమంత నువ్వు నిద్రల అదే పలవరిస్తుంటివి. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అని. పదకొండేండ్ల పిల్లగానివి. నిన్నేమనాలె?"

నాకు మాట రాలేదు. అమ్మ చెయ్యి నా తలమీద చాలాసేపు ఉంది.

"పిల్ల మంచిపని చేసింది" అన్నది తరవాత. "నువ్వు పక్కపొంటుండి దాన్ని చూస్తవని పంపిన. అదే నిన్ను చూస్తున్నది."

ఇప్పుడు నా పుస్తకంలో పందొమ్మిది మునకలున్నాయి. పద్ధెనిమిది మీటర్లకు దిగిన పేజీలున్నాయి, సొరచిట్టలు చూసిన పేజీ ఉంది. కాని ఎవరైనా అడిగితే చూపించేది ఏడో పేజీ. "లోతు 4 మీటర్లు. సమయం 3 నిమిషాలు. చూసినవి: ఏమీ లేవు. కారణం: చెవి." కింద అమ్మాయి సంతకం. అది లెక్కకు రాని మునక అని కొందరంటారు. నా లెక్కలో అదొక్కటే పూర్తిగా నేర్చుకున్న మునక.

వచ్చే నెల మళ్లీ విశాఖపట్నం ప్రయాణం. అమ్మ ఈసారి వద్దనలేదు. శొంఠీ మిరియాలూ దంచి సీసాలో పోసి, నా సంచిలో కాక మనవరాలి సంచిలో పెట్టింది. "మీ నాయన చెప్పడు. తుమ్మిండంటే నీళ్లల్ల దిగనియ్యకు" అని దానికి అప్పగింతలు కూడా అయిపోయాయి.