ఒకసారి నొక్కితే రెండుసార్లు

మా చిన్నోడు గేమింగ్ మౌస్ కోసం మూడు నెలలు నా వెంట పడ్డాడు. పుట్టినరోజుకి అమ్మమ్మ ఇచ్చిన డబ్బులకి మేం కొంత కలిపి మూడున్నర వేలు పెట్టి కొన్నాం. నా కంటికి అదీ మామూలు మౌసే. పక్కన రెండు బటన్లు ఎక్కువ, లోపల బతుకమ్మ రంగుల్లో లైట్లు, అంతే.

ఏడాది దాటిందో లేదో, "అమ్మా, ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతోంది" అని మొదలుపెట్టాడు. నేను నమ్మలేదు. "ఓడిపోయినప్పుడల్లా టేబుల్‌కేసి బాదితే పాడవదా?" అన్నాను. రాత్రి వాళ్ల నాన్న భోజనం చేస్తుంటే ఆయన ముందూ అదే మాట అన్నాను. వాడు రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నాడు.

ఆదివారం మల్లాపూర్ పిల్లలు ముగ్గురు మా ఇంటికొచ్చారు. నేను ఉల్లి పకోడీలు వేస్తూ వింటున్నాను. బరువెంత, చేతిలో పట్టు ఎలా ఉంది, వైరుందా లేదా... అచ్చం మనం చీరలు చూసినట్టే! "మౌస్ సూపర్ రా, దాని సాఫ్ట్‌వేరే దరిద్రం" అన్నాడొకడు. లాగిన్ అవ్వాలట, అప్‌డేట్ వచ్చాక పెట్టుకున్న సెట్టింగులు పోయాయట. ఇంకొకడు, "నేను సెట్టింగులు మౌస్ మెమరీలోనే సేవ్ చేసి దాన్ని తీసి పారేశా" అన్నాడు.

మౌస్‌కి సాఫ్ట్‌వేర్ ఎందుకురా అని అడిగితే నవ్వలేదు, పాపం. చెయ్యి కొంచెం కదిలితే బాణం ఎంత దూరం పోవాలో, ఏ బటన్ ఏ పని చెయ్యాలో అందులో పెట్టుకుంటారట.

"మరి వీడిది ఇలా ఎందుకైంది?"

"కొడితేనే అవ్వాలని లేదు ఆంటీ. బటన్ కింద చిన్న స్విచ్, దాంట్లో సన్నటి రేకు ఉంటాయి. 2 కోట్లు, 5 కోట్ల నొక్కులు ఆగుతాయని చెప్తారు గానీ, రేకు అరిగినా మచ్చపడినా నొక్కినప్పుడు వణుకుతుంది. కంప్యూటర్ దాన్ని రెండు నొక్కులనుకుంటుంది."

నేనే కూర్చుని ఒక ఫోల్డర్ మీద పదిసార్లు నొక్కాను, ఒక్కొక్కటిగా. మూడుసార్లు దానంతటదే తెరుచుకుంది. మా వీధి గుమ్మం లైటు స్విచ్ చిటపటలాడితే ఎలక్ట్రీషియన్‌ని పిలిచానే గానీ, ఎవరినీ తిట్టలేదు కదా.

వారంటీలో ఇద్దామంటే బిల్లు లేదు. పాత పేపర్లతో పాటు తూకానికి వేసింది నేనే.

మర్నాడు ఇద్దరం హబ్సిగూడలో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగాం. అక్కణ్ణుంచి పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాం. అంతా కంప్యూటర్ దుకాణాలే. ఒకాయన మౌస్ విప్పి, స్విచ్‌లు రెండూ మార్చి, టంకం పెట్టి చేతికిచ్చాడు. 300 రూపాయలు. ఇంటికొచ్చాక వాడు సాఫ్ట్‌వేర్ కూడా తీసేశాడు. లైట్లు ఒకే రంగులో ఆగిపోయాయి, అదే హాయిగా ఉంది.

రాత్రి భోజనాల దగ్గర వాళ్ల నాన్నతో, "వాడు కొట్టలేదండీ, నేనే తొందరపడ్డాను" అన్నాను.

వాడు పప్పు కలుపుకుంటూ తలెత్తకుండానే అన్నాడు: "ఒక్కసారి కొట్టానమ్మా. కానీ అది పాత మౌస్."