మొదటి వడ్డన నాకా!

పెద్ద హోటలంటే మీకూ నాలాగే బెరుకా? అయితే ఈ నాలుగు ముక్కలూ మీకోసమే.

మా పెళ్లయి ముప్ఫై ఏళ్లు నిండిన రోజున మా అమ్మాయి మావారినీ నన్నూ హైదరాబాదు బంజారాహిల్స్‌లో ఓ ఖరీదైన రెస్టారెంటుకి తీసుకెళ్లింది. మసక దీపాలు, మెల్లగా సంగీతం, ఓ పక్క సీసాలు బారులు తీరిన బార్. ఒక్కొక్కరి ముందూ రెండేసి ఫోర్కులు, రెండేసి చెంచాలు! మెనూలో ధరలు చూసేసరికి నా ఆకలి సగం చచ్చిపోయింది.

"కంగారెందుకమ్మా, బయటి వైపు నుంచి ఒక్కొక్కటే తీసుకుంటూ రావడమే" అంది అమ్మాయి. తిన్నాక కత్తీ ఫోర్కూ ప్లేటులో పక్కపక్కన పెడితే, ఇక తీసేయమని అర్థమట. కాక్‌టెయిల్‌లో మందుంటుంది, మాక్‌టెయిల్‌లో ఉండదు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉండొచ్చు కనుక ఆర్డరిచ్చేటప్పుడే "ఆల్కహాల్ వద్దు" అని గట్టిగా చెప్పండి. నేను జామ మాక్‌టెయిల్ తాగాను. గ్లాసు అంచుకి ఉప్పూకారం! అచ్చం చిన్నప్పుడు బడి దగ్గర తిన్న జామకాయ రుచే.

ఇంతలో వెయిటర్ అబ్బాయి సూపు తెచ్చి నా పక్కన నిలబడ్డాడు. "ముందు ఆయనకి పెట్టు బాబూ" అన్నాను. "ముందు ఆడవాళ్లకేనండీ, మా పద్ధతి" అన్నాడు నవ్వుతూ.

చెప్పొద్దూ, కళ్లు చెమర్చాయి. ముప్ఫై ఏళ్లుగా అత్తగారు, మామగారు, మావారు, పిల్లలు తిన్నాక గిన్నె అడుగున మిగిలిందే నా వాటా. పులుసు ఉంటే ముక్కలుండేవి కావు. ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఎవరికీ తట్టలేదు, నాతో సహా. మావారు తల దించుకుని సూపు తాగారు.

బిల్లులో సర్వీస్ ఛార్జి వేశారు. దాన్ని తప్పనిసరిగా వసూలు చేయకూడదని కేంద్రం 2022లో మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది. ఆ మాట చెప్పి తీసేయించింది నేనే! టిప్పు మాత్రం ఆ అబ్బాయి చేతికే ఇచ్చాను. వడ్డించే చేతుల కష్టం నాకు తెలియదూ?

మర్నాడు మధ్యాహ్నం "నువ్వూ కూర్చో" అంటూ మావారు గరిటె అందుకున్నారు. సాంబారు బల్ల మీద ఒలికింది. తుడిచింది కూడా ఆయనే!

మరి మీ ఇంట్లో ఆఖరి కంచం ఎవరిది? ఈ పూటే చూసుకోండి.