అర సెకను ఆలస్యం



2024లో మార్చి 29న శుభ శుక్రవారం వచ్చింది. మరునాడు మేము ఈస్టరు కోసం మందిరం అలంకరిస్తుండగా, హైదరాబాదు నుండి పండుగకు వచ్చిన మా మేనల్లుడి ఫోను మోగుతూనే ఉంది. "మామయ్యా, నేను ఈ పూట రాలేను. మా ఆఫీసు కంప్యూటర్లన్నీ వెంటనే చూడాలి" అన్నాడు. ఏమైందని అడిగితే వాడు చెప్పిన సంగతి ఇది.

ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములంటే ఎవరో రాసి, లోకమంతా ఉచితంగా వాడుకొనేలా తెరిచి ఉంచినవి. ఊరి చెరువు వంటివి. నీళ్లు అందరూ తోడుకొంటారు, పూడిక తీసేవారు ఒకరిద్దరే. ఫైళ్లను కుదించే 'ఎక్స్‌జెడ్' అనే ప్రోగ్రామును ఫిన్లాండు దేశస్థుడు లాస్సె కాలిన్ జీతం లేకుండా ఏళ్ల తరబడి చూసుకొంటూ వచ్చాడు. 2021లో జియా టాన్ అనే పేరుతో ఒకరు సహాయానికి వచ్చారు. 2022లో, పని నెమ్మదిగా సాగుతోందనీ వేరొకరికి అప్పగించమనీ మరికొన్ని పేర్లతో ఒత్తిడి మొదలైంది. తనకు చాలాకాలంగా మనస్సు బాగుండటం లేదని ఆయన చెప్పుకొన్నాడు. చివరకు బాధ్యత పంచి ఇచ్చాడు. రెండేళ్లు నమ్మకంగా పనిచేసిన ఆ చేయే 2024 ఫిబ్రవరి, మార్చిలలో వచ్చిన 5.6.0, 5.6.1 విడుదలలలో దొంగ వాకిలి పెట్టింది. పరీక్షల కోసం ఉంచే ఫైళ్లలో దాన్ని దాచారు.

పట్టుకొన్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. దూరపు కంప్యూటరులోకి ప్రవేశించడానికి అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి, ఎందుకా అని తవ్వాడు. శుభ శుక్రవారం నాడే లోకానికి తెలియజేశాడు. లినక్స్ పంపిణీదారులు వెంటనే పాత విడుదలకు మళ్లారు. మే 29న కాలినే ఆ మలినం తీసివేసి 5.6.2 విడుదల చేశాడు.

మత్తయి 13లోని గురుగులు మీకు గుర్తు వచ్చి ఉంటాయి. మాకూ అదే తోచి, ప్రసంగానికి మంచి దృష్టాంతం దొరికిందనుకొన్నాము. (సేవకుల బలహీనత ఇది!) కాని ఆ రాత్రి మా మనస్సులో నిలిచింది దొంగ కాదు, అలసిపోయిన ఆ మనిషి.

మా సంఘంలో సండే స్కూలును 14 ఏళ్లుగా ఒక్క సహోదరే నడుపుతోంది. అంతకుముందు క్రిస్మసుకు ఆమె, "అయ్యగారూ, ఓపిక ఉండటం లేదండి" అంది. మేము ప్రార్థన చేసి పంపించాము. పిల్లల నాటిక ఆలస్యమైందని పెద్దలు గొణిగితే మేమూ తల ఊపాము.

ఈస్టరు మరునాడు సాయంత్రం మా ఇంటావిడతో కలిసి వాళ్లింటికి వెళ్లాము. మమ్మల్ని చూడగానే ఆమె లోపలికి వెళ్లి హాజరు పుస్తకం, పెట్టె తాళం తెచ్చి మా ముందు పెట్టింది. వాటి కోసమే వచ్చామనుకొంది.

"వాటికి కాదమ్మా. నీకెలా ఉందో అడగడానికి వచ్చాము" అన్నాము.

కొంగుతో ముఖం తుడుచుకొని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పడం మొదలుపెట్టింది. మేము లేచేసరికి వీధి దీపాలు వెలిగి చాలాసేపయింది.