మా నాయన కంప్యూటరు

నాయుడుపేటలో మా ఇంటి వసారాలో ఒక మూల పాత కంప్యూటరు ఉండేది. మా నాయన బడిపంతులు. ఉద్యోగం చాలించిన తరవాత, 2009 చివర, ఆయన దాన్ని కొన్నాడు. ఆ వయసులో కంప్యూటరెందుకని అందరూ నవ్వారు. కాని ఆయనకు ఒక పని ఉన్నది.

మా ఊరికి దక్షిణంగా, దొరవారిసత్రం దగ్గర, నేలపట్టు చెరువున్నది. ఏటా అక్టోబరు మొదలు అక్కడికి గూడబాతులు వస్తాయి. నీళ్ళలో నిలబడిన చెట్లమీద గూళ్ళు కట్టి, పిల్లల్ని పెంచి, ఎండలు ముదిరే వేళకు వెళ్ళిపోతాయి. మా నాయన చలికాలమంతా వారానికొకసారి బస్సెక్కి అక్కడికి పోయేవాడు. ఏ తేదీన మొదటి పక్షి కనిపించింది, చెరువులో నీళ్ళెంత ఉన్నాయి, ఎన్ని గూళ్ళు లెక్కకు వచ్చాయి—అన్నీ చీటీల మీద రాసుకొచ్చి, రాత్రి భోజనమయ్యాక కంప్యూటరులో ఎక్కించేవాడు. అలా పదేళ్ళు చేశాడు. 2020లో ఆయన పోయాడు. మా అమ్మ ఆయన కండువాను కంప్యూటరు మీద కప్పింది. అది అలాగే ఉండిపోయింది.

2024 వేసవి సెలవులకు మా అక్క కూతురు వచ్చింది. అది ఎనిమిదో తరగతి పూర్తి చేసింది.

"మామా, తాత కంప్యూటరు పనిచేస్తుందా?" అని అడిగింది.

కండువా తీసి, దుమ్ము దులిపి, మీట నొక్కాం. తెర వెలిగింది గాని, కంప్యూటరు పనికి సిద్ధమయ్యేసరికి పదకొండు నిమిషాలు పట్టింది! అందులో ఉన్నది విండోస్ 7. దాన్ని తయారుచేసినవాళ్ళు 2020 జనవరి 14 తరవాత దానికి మరమ్మతులు మానుకున్నారు. అటువంటి దాన్ని ఇంటర్నెట్టుకు తగిలించటం తలుపు గడియ ఊడిన ఇంట్లో పడుకోవటం వంటిది. బాగుచేసే దుకాణంలో చూపిస్తే, "దీన్ని పాత ఇనుం కింద తూకానికి వేసేయండి," అన్నారు.

"అవ్వకు తెలిస్తే ఏడుస్తుంది, మామా," అన్నది పిల్ల.

అప్పుడు నాకు లినక్సు సంగతి జ్ఞాపకం వచ్చింది.

పిల్లలూ, కంప్యూటరును ఒక వంటిల్లు అనుకోండి. ప్రాసెసరు వంటమనిషి. హార్డు డిస్కు సామాన్ల గది. మెమరీ అంటే పొయ్యి పక్కన ఉండే తిన్నె. అప్పటికప్పుడు కావలసిన గిన్నెలన్నీ ఆ తిన్నె మీదనే ఉండాలి. ఇక ఆపరేటింగు సిస్టమంటే వంటింటి పెత్తనం చేసే పెద్దమ్మ. ఏ గిన్నె ఎక్కడ పెట్టాలో, ఎవరి వంతు ఎప్పుడో చెప్పేది ఆవిడే. మా కంప్యూటరు తిన్నె చిన్నది—రెండు గిగాబైట్లే. పెద్దమ్మ తన సొంత గిన్నెలతోనే తిన్నెంతా నింపేస్తే, వంటమనిషి ప్రతి దానికీ సామాన్ల గదికి పరిగెత్తాలి. ఆలస్యమంతా ఆ పరుగులోనే ఉన్నది.

కొద్దిపాటి గిన్నెలతో సరిపెట్టుకునే పెద్దమ్మ కూడా ఉంటుంది. 1991లో ఫిన్లండు దేశంలో, హెల్సింకీ విశ్వవిద్యాలయంలో లీనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి ఉండేవాడు. అతనికి 21 ఏళ్ళు. తన కంప్యూటరు కోసం సరదాగా ఒక చిన్న ఆపరేటింగు సిస్టము రాయటం మొదలుపెట్టి, దాన్ని దాచుకోక అందరికీ ఇచ్చేశాడు. వండిన కూర ఒక్కటే కాదు, వండే విధానం కూడా ఇచ్చాడన్న మాట! దేశదేశాల వాళ్ళు దానికి తలా ఒక చెయ్యి వేశారు. అదే లినక్సు. దాని గుర్తు ఒక పెంగ్విను పక్షి. మనకు దగ్గరలోనే, చెన్నైలో, సి-డాక్ అనే ప్రభుత్వ సంస్థ వారు కూడా 2007లో బాస్ అనే పేరుతో ఒక లినక్సును భారతీయ భాషల కోసం తయారుచేశారు.

లినక్సులో రకాలు చాలా ఉన్నాయి. మేము డెబియన్ 12 అనేదాన్ని ఎంచుకున్నాం. దాని తెర అలంకారంలో కూడా బరువైనవీ తేలికైనవీ ఉన్నాయి; ఎల్.ఎక్స్.డి.ఇ. అనే తేలికైనదాన్ని తీసుకున్నాం. స్నేహితుడి కంప్యూటరులో దాన్ని దింపుకుని, ఒక పెన్ డ్రైవు మీదికి ఎక్కించాం. ఇందులో ఒక చమత్కారమున్నది. హార్డు డిస్కును తాకకుండా, పెన్ డ్రైవు నుంచే కంప్యూటరును నడిపి చూడవచ్చు. తెర, శబ్దం, మీటలు అన్నీ సరిగా ఉంటేనే లోపల స్థాపించుకోవచ్చు. పెళ్ళికి ముందు పెళ్ళిచూపులన్న మాట.

అన్నీ సరిగానే ఉన్నాయి. ఇక లోపల ఎక్కించటమే తరువాయి. "డిస్కులో ఉన్నదంతా చెరిపెయ్యమంటావా?" అని అది అడిగింది. నేను ఔననబోయాను.

"మామా, ఆగు! తాత పక్షుల లెక్క ఎక్కడ పెట్టావు?" అన్నది పిల్ల.

"ముందే వేరే పెన్ డ్రైవులోకి తీశాను లేమ్మణ్ణీ. తెర మీద 'నేలపట్టు' అని కనిపించిందిగా, అదే."

"తెరిచి చూశావా?"

నేను చూడలేదు. అది ఆ పెన్ డ్రైవును తగిలించి చూసింది. తీరా చూస్తే, పదేళ్ళ లెక్కంతా కలిసి ఒకే ఒక్క కిలోబైటు ఉన్నది! తెర మీద కనిపించింది అసలు ఫైలు కాదు, దానికి దారి చూపే గుర్తు మాత్రమే. నేను ఇల్లు మోసుకొచ్చాననుకున్నాను. తీసుకొచ్చింది ఇంటి చిరునామా రాసిన చీటీ! ఒక్క మీట నొక్కి ఉంటే మా నాయన పదేళ్ళ శ్రమ గాలికి పోయేది. నాకు ఒళ్ళంతా చెమట పట్టింది.

పెన్ డ్రైవు మీద నడిచే లినక్సు పాత డిస్కును కూడా చదవగలదు. దాంతోనే వెతికి అసలు ఫైళ్ళు పట్టుకున్నాం. తీరా ఒకటి తెరిస్తే, తెలుగు లేదు! ఇంగ్లీషు అక్షరాలూ, చుక్కలూ, గీతలూ కలగాపులగంగా ఉన్నాయి. పిల్ల ముఖం చిన్నబోయింది.

కారణం ఆలోచిస్తే తెలిసింది. మా నాయన వాడింది పాతకాలపు తెలుగు ఫాంటు. అటువంటి ఫాంటులో కంప్యూటరు దాచుకునేది ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలే. ఫాంటు వాటికి తెలుగు వేషం వేస్తుంది. ఫాంటు లేకపోతే వేషం ఊడిపోతుంది. ఇప్పుడు వాడే యూనికోడు పద్ధతి అలా కాదు. అందులో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉన్నది. 'అ' 3077, 'ఆ' 3078, 'క' 3093. ప్రపంచంలో ఏ కంప్యూటరైనా, ఏ ఫాంటైనా, 3077 అంటే 'అ'యే. ఈ యూనికోడు మొదటి కూర్పు కూడా 1991లోనే వచ్చింది.

ఆ పాత ఫాంటు, చెరపబోయిన ఆ డిస్కులోనే, ఫాంట్ల పెట్టెలో దొరికింది. దాన్ని లినక్సులో పెట్టగానే గీతలన్నీ తెలుగై నిలబడ్డాయి. "14-10-2012. ఈ ఏడు మొదటి గూడబాతు. చెరువు ముప్పాతిక నిండింది." అమ్మను పిలిచి చూపించాం. ఆవిడ చాలాసేపు కళ్ళార్పకుండా చదివింది. "ఆ రోజు ఆయన వానలో తడిసొచ్చాడు," అన్నది.

ఈసారి నేను పందెం కట్టి మరీ జాగ్రత్తపడ్డాను. ఫైళ్ళూ, ఫాంటూ రెండు చోట్ల దాచి, రెండు చోట్లా తెరిచి చూసి, ఆ తరవాతనే లినక్సును ఎక్కించాం. అరగంటలో పని అయిపోయింది. పదకొండు నిమిషాలు పట్టిన కంప్యూటరు నిమిషంన్నరలో సిద్ధమయింది. తిన్నె మీద పెద్దమ్మ గిన్నెలు 350 మెగాబైట్ల చోటే తీసుకున్నాయి. ఉత్తరాలు రాయటానికి, లెక్కల పట్టికలకు, పాఠాలు చదువుకోవటానికి అది చక్కగా సరిపోతున్నది. ఇంటర్నెట్టులో ఒకేసారి పది పేజీలు తెరిస్తే మాత్రం ఇప్పటికీ ఆయాసపడుతుంది. రెండు మూడుతో సరిపెట్టుకుంటాం. 2025 ఆగస్టులో డెబియన్ 13 వచ్చింది. మీ ఇంట్లో కంప్యూటరు మరీ పాతదై, 32 బిట్ల ప్రాసెసరు గలదైతే దాన్ని కొత్తగా స్థాపించటం కుదరదు. అందుచేత ముందు మీ యంత్రం ఏ రకందో తెలుసుకోండి.

పాత ఫాంటును నమ్ముకుని ఎంతకాలం ఉంటాం? ఆ సెలవుల్లో మా పిల్ల యూనికోడు మీటలు నేర్చుకుని, రోజుకు రెండు పుటల చొప్పున తాత లెక్కను మళ్ళీ ఎక్కించింది. తప్పులు దిద్దటం మా అమ్మ పని. "అది 'గుళ్ళు' కాదే, 'గూళ్ళు'!" అంటూ ఆవిడ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేది. సెలవులు అయిపోయేసరికి 2014 దాకా వచ్చింది. మిగతాది దసరాకు, సంక్రాంతికి వచ్చి పూర్తి చేసింది.

సంక్రాంతి మరునాడు మేము ముగ్గురం బస్సెక్కి నేలపట్టు పోయాం. చెరువులో చెట్లన్నీ తెల్లగా, పూలు పూసినట్లున్నాయి. పిల్ల చీటీ మీద రాసుకున్నది. రాత్రి భోజనమయ్యాక కంప్యూటరు ముందు కూర్చుని, తాత రాసిన ఆఖరి వరుస కింద ఒక వరుస ఖాళీ వదిలి, తన లెక్క ఎక్కించింది.

ఇప్పుడు దాని మీద కండువా లేదు. అమ్మ దాన్ని ఉతికి, మడిచి పెట్టెలో పెట్టింది.