వినపడని దెబ్బ

మా అబ్బాయి ఇంట్లోనే కంప్యూటరు మీద ఒక డబ్‌స్టెప్ బాణీ కట్టి, విని చెప్పమన్నాడు. ఈ సంగీతం 2000 ప్రాంతంలో దక్షిణ లండన్‌లో, క్రాయ్‌డన్ పరిసరాల్లో రూపుదిద్దుకుంది. నిమిషానికి సుమారు 140 దరువులు. వాటి అడుగున గుండెను అదిమే మంద్రనాదం. ఇంగ్లీషు సాహిత్యం చదువుకుని, అనువాదాలతో కాలం గడుపుతున్న నాకు ఇందులో ఏం తెలుసు? ఫోనులోనే విని, "బాగుందిరా" అన్నాను.

వాడి ముఖం చిన్నబోయింది. "మీ అనువాదం చదివి ఎవరైనా ఆ ఒక్క మాట అని ఊరుకుంటే మీరు ఒప్పుకుంటారా నాన్నా?"

నిజమే. అలా అన్నవారిని నేనేనాడూ క్షమించలేదు.

ఫోనులోని చిన్న స్పీకరు 60 హెర్ట్జ్‌ల నాదాన్ని సరిగా పలికించజాలదని అప్పుడు చెప్పాడు. అంటే అసలు బాణీని నేను విననే లేదన్నమాట! ఈసారి పెద్ద స్పీకర్ల ముందు కూర్చున్నాను. వంటింట్లో గిన్నెలు అదిరాయి. మూడోసారి విన్నాక గాని నాకు తోచలేదు.

"డ్రమ్ము దెబ్బ వినపడడం లేదురా. మంద్రం దాన్ని మింగేస్తోంది."

రెండూ ఒకే స్థాయిలో పలుకుతూ ఒకదాన్నొకటి కప్పేస్తున్నాయట. దెబ్బ పడినప్పుడల్లా మంద్రం క్షణకాలం తగ్గేలా అమర్చాడు. దెబ్బ పైకి తేలింది.

ఆ రాత్రి నా కొత్త అనువాదంలో పది పేజీలు వాడి చేతికిచ్చాను. పెన్సిలు కూడా ఇచ్చాను.