మా పాటకు ఏ సాఫ్ట్‌వేర్?

మా గూడెంలో చిన్న రికార్డింగు గది ఉందని తెలిసిన దగ్గర్నుంచి మన పిల్లలు ఫోన్ చేసి అడుగుతున్నారు: "అన్నా, ఇంట్లో స్టూడియో పెట్టుకోవాలి. ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" ఆశ్రమ పాఠశాలల టీచర్లు కూడా అడుగుతున్నారు. ఒక పేరు చెప్పి ఊరుకోవచ్చు. కానీ మేము మొదటిసారి సాఫ్ట్‌వేర్ ఎంచుకున్న తీరు వల్ల మా ఊరి పాట ఒకటి దెబ్బతిన్నది. ఆ సంగతి చెప్పకుండా పేరు మాత్రం చెబితే మీరూ అదే తప్పు చేస్తారేమోనని ఇది రాస్తున్నాం.

మేము ముగ్గురం. ఆసిఫాబాద్ జిల్లాలో అడవి అంచున ఉన్న గోండు గూడెం మాది. మాలో ఒకరు ఆశ్రమ పాఠశాలలో సీఆర్‌టీ, ఒకరు మండల కేంద్రంలో సెల్‌ఫోన్లు రిపేరు చేస్తారు, ఒకరు డిగ్రీ ఆపేసి వ్యవసాయం చేస్తున్నారు. 2021లో మార్లవాయి కనకరాజు గారికి గుస్సాడీ నృత్యానికి పద్మశ్రీ వచ్చినప్పుడు మా ఫోన్లన్నీ గుస్సాడీ వీడియోలతో నిండిపోయాయి. చూడ్డానికి బాగున్నాయి, వినడానికే బాగాలేవు. డోలు దెబ్బకు ఫోను మైకు గరగరమనేది. పెప్రె ఊదితే మిగతావన్నీ మునిగిపోయేవి. ఆడవాళ్ళ పాట ఎక్కడో దూరం నుంచి వచ్చేది. మన పాటను మనమే సరిగా రికార్డు చేసుకుందాం అనుకున్నాం.

పత్తి అమ్మిన డబ్బులో తలా కొంత వేసుకున్నాం. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్, రెండు మైకులు పెట్టుకునే ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైకు కొన్నాం. జొన్నలు పోసుకునే గది ఖాళీ చేశాం. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించాం. వాటివల్ల పెద్దగా లాభం లేదని తర్వాత తెలిసింది. దళసరి బొంతలు వేలాడదీస్తేనే గది మోత తగ్గింది.

ఇంత ఆలోచించినవాళ్ళం సాఫ్ట్‌వేర్ గురించి ఒక్క రోజు కూడా ఆలోచించలేదు. పట్నంలో డీజే పాటలు చేసే తెలిసినతను పెన్‌డ్రైవ్‌లో ఒకటి ఇచ్చాడు. లైసెన్సు లేని దొంగ కాపీ. పెద్ద పెద్దవాళ్ళు వాడేది ఇదేనన్నాడు. అంతకన్నా ఏం కావాలి అనుకున్నాం.

మొదట రికార్డు చేసింది పెళ్ళిలో పిల్లకు పసుపు రాసేటప్పుడు పాడే పాట. మా గూడెం అవ్వలు ఆరుగురు వచ్చి పాడారు. ముగ్గురొక జట్టు. మొదటి జట్టు చరణం చివరి మాటను ఇంకా లాగుతుండగానే రెండో జట్టు అందుకుంటుంది. రెండు గొంతుల గుంపులు కాసేపు ఒకదాని మీద ఒకటి నడుస్తాయి. ఎంతసేపు అన్నదానికి లెక్క లేదు. ఆ రోజు పాడేవాళ్ళ ఓపికను బట్టి ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ తెర మీద నిలువు గీతలుంటాయి. దాన్ని గ్రిడ్ అంటారు. కొత్త పాట తెరవగానే చాలా సాఫ్ట్‌వేర్లలో వేగం నిమిషానికి 120 దెబ్బలని, నాలుగు దెబ్బలకు ఒక కొలత అని ముందే పెట్టి ఉంటుంది. మనం ఏమీ చెప్పకపోతే అదే లెక్క. అవ్వల పాట ఆ గీతల మీద కూర్చోలేదు. పాటే గతి తప్పిందనుకున్నాం. మాటలను ముక్కలు చేసి ఒక్కొక్కటి గీత దగ్గరకు జరిపాం. రెండు జట్లూ కలిసే చోట గందరగోళంగా ఉందని ఒక జట్టు గొంతు కోసేశాం. ఊపిరి పీల్చుకునే చప్పుళ్ళు తీసేశాం. పిచ్ సరిచేసే సాధనంతో గొంతులను కీబోర్డు మెట్ల మీదికి లాగాం. ఒక చరణాన్ని ఒకే ఒక్క అవ్వ ఎత్తుకుంటుంది. అందులో గొంతు వణికిందని సగం తీసేసి, బాగా వచ్చిన ఇంకో చరణాన్ని కాపీ చేసి ఆ చోట అతికించాం. కింద బేస్, డ్రమ్స్ వేశాం. ఎంపీ3 చేసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాం. అందరూ మెచ్చుకున్నారు. పక్క గూడేలకూ పోయింది.

మరుసటి ఎండాకాలం మా ఊళ్ళో పెళ్ళి జరిగింది. పసుపు దగ్గర అవ్వలు పాట ఎత్తుకున్నారు. ఈసారి హాస్టళ్ళ నుంచి సెలవులకు వచ్చిన ఆడపిల్లలు కూడా గొంతు కలిపారు. మాకు ఎంత సంతోషమో! ఆ పిల్లలు పదేళ్ళుగా హాస్టల్లో ఉండి చదువుకుంటున్నవాళ్ళు. పెళ్ళిళ్ళలో రాత్రంతా కూర్చుని పాట నేర్చుకునే వీలు వాళ్ళకు లేదు. మా ఎంపీ3 విని నేర్చుకున్నారు.

రెండు చరణాలయ్యేసరికి పాట చెడిపోయింది. అవ్వలు చివరి మాట లాగుతుంటే పిల్లలు ఆగిపోతున్నారు. అవతలి జట్టు అందుకోవాల్సిన చోట గీత కోసం ఎదురుచూస్తున్నట్టు నిలబడి, అవ్వల లాగుడు అయిపోయాక మొదలుపెడుతున్నారు. మేము అతికించిన చరణం చోట వాళ్ళు ఆ అతుకునే పాడారు. అవ్వలు ఒకరి మొహం ఒకరు చూసుకుని నోరు మూసుకున్నారు. పిల్లలు ఫోనులో విన్నట్టే పాట పూర్తి చేశారు.

రాత్రి పెద్దవ్వ మమ్మల్ని పిలిచింది. తిట్టలేదు. గోండిలో ఆమె అన్నమాటను తెలుగులో చెబితే ఇంతే: "మేము ఊపిరి తీసుకునే చోట మీరు పాటను కోశారు బిడ్డా. వాళ్ళకు ఇంక ఎవరు చెబుతారు అక్కడ ఏముండేదో?"

అసలు రికార్డింగు తీసి పిల్లలకు వినిపిద్దామనుకున్నాం. అది మా దగ్గర లేదు. పెన్‌డ్రైవ్‌తో పాటు వచ్చిన వైరస్‌కు ల్యాప్‌టాప్ మొత్తం తుడిచేయాల్సి వచ్చింది. రికార్డు చేసిన ఫైళ్ళు ఏ ఫోల్డర్లో పడుతున్నాయో అప్పటికి మాకు తెలియదు. వేరే చోట దాచుకోలేదు. మిగిలింది ఎంపీ3 ఒక్కటే.

రెండోసారి సాఫ్ట్‌వేర్ వెతికేటప్పుడు ఏది పెద్దవాళ్ళు వాడుతున్నారని అడగలేదు. మా పాటకు ఏం కావాలో ముందు ఒక నోటుబుక్కులో రాసుకున్నాం. నాలుగు ప్రశ్నలు తేలాయి. మీరూ ఇవే అడిగి చూడండి.

మొదటిది, గీతలను పూర్తిగా ఆపేయవచ్చా? కీబోర్డు మీద, డ్రమ్ ముక్కలను పేర్చి పాట కట్టేవాళ్ళకు ఎఫ్ఎల్ స్టూడియో, ఏబుల్టన్ లైవ్ బాగా పనికొస్తాయి. కొత్త పాటలు కట్టే తమ్ముళ్ళు అవి వాడితే తప్పేం లేదు. ఎల్ఎంఎంఎస్ కూడా ఆ కోవదే, పూర్తిగా ఉచితం. కానీ మా పని ఉన్న పాటను ఉన్నట్టు పట్టుకోవడం. అరగంట పాటను ఒకే ముక్కగా, ఏ గీతకూ కట్టకుండా రికార్డు చేయడమే మాకు ముఖ్యం.

రెండోది, మా పాత ల్యాప్‌టాప్‌లో, కరెంటు పోయినా, నెట్ లేకపోయినా నడుస్తుందా? యాపిల్‌వాళ్ళ లాజిక్, గ్యారేజ్‌బ్యాండ్ బాగుంటాయని విన్నాం కానీ అవి యాపిల్ యంత్రాల్లోనే పనిచేస్తాయి. నెల నెలా చందా కట్టి, అప్పుడప్పుడు నెట్‌లో లైసెన్సు చూపించుకోవాల్సినవి మా గూడేనికి సరిపడవు. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సిన ఊరు మాది.

మూడోది, దొంగ కాపీ అక్కర్లేకుండా మేము భరించగలమా? దొంగ కాపీ ఉచితమనుకుంటాం. మేము ఒక పాటను ఇచ్చి దాని ధర కట్టాం. ఒక మాట గుర్తుపెట్టుకోండి: కొన్నిటి ట్రయల్ కాపీలో పని సేవ్ అవుతుంది కానీ కొనేదాకా మళ్ళీ తెరుచుకోదు. ఎఫ్ఎల్ స్టూడియో ట్రయల్ అలాంటిదే. మొదలుపెట్టకముందే ఆ నిబంధన చదువుకోవాలి.

నాలుగోది, పదేళ్ళ తర్వాత ఇంకొకరు తెరవగలరా? పాట ఆ సాఫ్ట్‌వేర్ కడుపులో ఇరుక్కుపోకూడదు. మామూలు వేవ్ ఫైలుగా మనకు కనిపించే ఫోల్డర్లో ఉండాలి.

ఈ నాలుగూ పెట్టి చూస్తే మాకు రెండు మిగిలాయి. ఒకటి ఆడాసిటీ. 2000 సంవత్సరం నుంచి ఉంది, పూర్తిగా ఉచితం. ఒక గొంతును రికార్డు చేసి, రెండు చివర్లు కత్తిరించి, వేవ్‌గా దాచుకోడానికి అది చాలు. బడిలో పిల్లలకు నేర్పాలనుకునే టీచర్లు దీంతోనే మొదలుపెట్టవచ్చు. రెండోది రీపర్. ఒకప్పుడు కంప్యూటర్లో పాటలు వినడానికి అందరం వాడిన విన్‌యాంప్‌ను తయారుచేసినతనే 2006లో దీన్ని తెచ్చాడు. ఫోను డేటాతో దించుకోగలిగినంత చిన్నది. అరవై రోజులు ఏ కోతా లేకుండా వాడి చూడనిస్తారు. తర్వాత మనలాంటి చిన్నవాళ్ళకు లైసెన్సు 60 డాలర్లు, అంటే మన డబ్బులో ఐదు వేల పైచిలుకు. ముగ్గురం పంచుకుని కట్టాం. గ్రిడ్‌కు అతుక్కునే స్నాప్ ఆపేసి, టైమ్‌బేస్‌ను దెబ్బల లెక్క నుంచి కాలం లెక్కకు మార్చుకుంటే గీతల పీడ వదులుతుంది. డోలు వేగం మారే చోట కావాలంటే గీతలనే పాట వెంట నడిపించవచ్చు. లినక్స్ వాడేవాళ్ళకు ఆర్డర్ అనేది కూడా ఇలాంటిదే ఉంది.

అప్పుడు మళ్ళీ పెద్దవ్వ దగ్గరకు పోయాం. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. మీ గదిలో బొంతల మధ్య పాడం, మేము పాడే చోటికే మీరు రండి అన్నది. పేన్ పూజలో ప్రధానులు కిక్రి మీద చెప్పే కథలను మాత్రం యంత్రంలో పెట్టొద్దని, వాటికి వేళ ఉంటుందని చెప్పింది. సరేనన్నాం. మమ్మల్ని అడగకుండా పాటను ఎవరికీ ఇవ్వొద్దన్నది. చట్టం కూడా ఆమె వైపే ఉంది. కాపీరైటు చట్టం ప్రకారం పాడినవారికి తమ ప్రదర్శన మీద యాభై ఏళ్ళ హక్కు ఉంటుంది. రికార్డు చేసినంత మాత్రాన పాట మనదైపోదు.

ఇప్పచెట్టు కింద ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద పెట్టుకుని కూర్చున్నాం. ఒక్కో జట్టు ముందు ఒక్కో మైకు. రెండోది అరువు తెచ్చుకున్నాం. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. ఒక్కో మైకుకు నిమిషానికి 8.6 ఎంబీ చొప్పున, రెండు మైకులతో గంటకు ఒక జీబీ దాకా అవుతుంది. అంత చోటు ఇప్పుడు ఎవరి దగ్గరైనా ఉంటుంది. శబ్దం గరిష్ఠంగా మైనస్ 12 డెసిబెల్స్ దగ్గరే ఉండేట్టు చూసుకుంటే, ఎవరైనా గట్టిగా ఎత్తుకున్నా గొంతు పగలదు.

అవ్వలు ఆరుగురూ వచ్చారు. అయితే ఆ చరణం ఎత్తుకునే అవ్వకు చలికాలంలో పక్షవాతం వచ్చి మాట పోయింది. కోడలు పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టింది. ఆ చరణం పూర్తిగా మిగతావాళ్ళకు రాదు. అది ఆమె తల్లిగారి ఊరి నుంచి తెచ్చింది. మొదటిసారి ఆమె గొంతు వణికిందని మేము సగం తీసేసిన చరణం అదే.

పాట మొదలైంది. ఆమె చోటు వచ్చేసరికి ఐదుగురూ ఆగారు. ఆమె మంచి చేత్తో మోకాలి మీద దరువు వేసింది. పెదాలు కదిలాయి, మాట రాలేదు. ఎంతసేపు పాడేదో అంతసేపు ఆగి, మిగతావాళ్ళు తర్వాతి చరణం అందుకున్నారు. ఆ ఖాళీ మా రికార్డింగులో అట్లాగే ఉంది. మోకాలి మీద చెయ్యి పడ్డ చప్పుడు, దూరంగా ఎద్దుల గంటలు, ఎవరిదో దగ్గు. మేము దాన్ని కోయలేదు.

ఆ సెలవుల్లో హాస్టల్ పిల్లలను ఇప్పచెట్టు కిందికే పిలిచి రికార్డింగు వినిపించాం, అవ్వల పక్కనే కూర్చోబెట్టి. రెండు జట్లూ కలిసే చోట ఎప్పుడు అందుకోవాలని ఒక పిల్ల అడిగింది. పెద్దవ్వ లెక్క చెప్పలేదు. ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి, చివరి మాట లాగుతూ, కళ్ళతోనే రమ్మన్నది. నాలుగోసారికి పిల్ల సరిగ్గా అందుకున్నది. ఆ ఖాళీ దగ్గర మాత్రం అందరూ ఊరుకున్నారు. ఆ అవ్వ తల్లిగారి ఊరికి పోయి, ఆ చరణం వచ్చినవాళ్ళు ఇంకా ఎవరైనా ఉన్నారేమో వెతకాలని అనుకున్నాం. ఈ వానాకాలం దాటాక పోతాం.

టీచర్లకు, తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చివరగా నాలుగు మాటలు. ల్యాప్‌టాప్ లేదని ఆగకండి. ఫోన్ను విమానం గుర్తులో పెట్టి, వేవ్ ఫైలు చేసే రికార్డర్‌తో పట్టుకోండి. ప్రతి ఫైలుకూ తేదీ, ఊరు, పాడినవారి పేరు, ఏ సందర్భపు పాట, ఎవరి అనుమతి ఉంది అన్నవి రాసుకోండి. మాటలను గుంజాల గోండి లిపిలో రాసుకోవచ్చు, 2018 నుంచి అది యూనికోడ్‌లో ఉంది. అసలు రికార్డింగును కనీసం రెండు చోట్ల దాచండి. సరిదిద్దడమేదైనా కాపీ మీదే చేయండి. చేసినదాన్ని ఊరి గ్రూపులో పెట్టేముందు పాడినవాళ్ళకు వినిపించండి.

ఇక సాఫ్ట్‌వేర్ పేరు. మేము రీపర్ వాడుతున్నాం. మీకు ఇంకోటి కుదరవచ్చు. ఏది పెట్టుకున్నా, ముందు మీ ఊళ్ళో పాడేవాళ్ళ పక్కన కూర్చుని పాట మొత్తం ఒకసారి వినండి. ల్యాప్‌టాప్ ఆ తర్వాత తెరవండి.