సగం దోశ ఎవరి ఖాతాలో?

కిందటేడు మావారి ఆఫీసులో ఆరోగ్య పరీక్షలు చేయించారు. హైటెక్ సిటీలో పొద్దున కుర్చీలో కూర్చుని చీకటి పడ్డాక లేచే మనిషికి రిపోర్టులో ఏమొస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. షుగరు గీత మీద నిలబడింది, ట్రైగ్లిజరైడ్లు గీత దాటాయి. ఆ రాత్రే ఆయన ఫోన్లోకి తిండి లెక్కల యాప్ వచ్చి చేరింది. వారం తిరక్కుండా ఆ లెక్క రాసే పని నాకొచ్చి చేరింది.

వండేది నేనే కదా మరి. "పప్పులో నూనె ఎంత వేశావ్?" అని మీటింగు మధ్యలోంచి మెసేజీ. నేను నూనె కళ్లతో కొలుస్తాను, చెంచాతో కాదు. ఆ యాప్‌కి కటోరీ తెలుసు, మా గరిటె తెలీదు. గోంగూర పప్పు అని కొడితే పాలకూర పప్పు చూపించింది. ఇక లాభం లేదని చిన్న కాటా కొన్నాను. మా అత్తయ్య చూసి, "తూచి తినడానికి అదేమన్నా బంగారమా అమ్మాయ్?" అన్నారు. రెండ్రోజులకి పులిహోరకి చింతపండు ఆవిడే దాని మీద తూచుకుంటున్నారనుకోండి, అది వేరే సంగతి.

ఆయన తిన్న ప్రతి ముద్దకీ లెక్క ఉంది. ఆఫీసు క్యాంటీన్లో తిన్న సమోసా కూడా ఫొటోతో సహా నాకొచ్చేది.

ఈలోపు ఒకరోజు మా అపార్ట్‌మెంటులో లిఫ్టు ఆగిపోయింది. కూరల సంచీతో నాలుగో అంతస్తు ఎక్కేసరికి రెండుసార్లు మెట్ల మీద కూర్చున్నాను. నలభై దాటాక ఇంతేలే అనుకున్నా. మా పెద్దది ఊరుకోలేదు. ఇంటర్ బైపీసీ కదా, సగం డాక్టరు అయిపోయినట్టే దాని లెక్క. కొండాపూర్లో క్లినిక్కి లాక్కెళ్లింది. హిమోగ్లోబిన్ 8.9. ఆడవాళ్లకి 12 ఉండాలట. ఐరన్ మాత్రలు రాసి, "రోజూ ఏం తింటారమ్మా?" అని అడిగారు డాక్టరుగారు. "అన్నీ తింటానండీ" అన్నాను. నా నోటికి అది ఎంత తేలిగ్గా వచ్చిందో!

ఇంటికి రాగానే అమ్మాయి నాకూ ఒక ఖాతా తెరిచింది. రోజూ రాత్రి పక్కన కూర్చుని అడిగేది. మూడు రోజులు చక్కగా చెప్పాను: పొద్దున మూడు ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, పప్పు, బెండకాయ వేపుడు, గడ్డపెరుగు, సాయంత్రం గుప్పెడు వేరుశనగలు. అంతా పచ్చరంగులో వెలిగింది.

నాలుగో రోజు రెండో శనివారం. దానికి కాలేజీ లేదు. డైనింగ్ టేబుల్ దగ్గర చదువుకుంటూ నన్ను చూస్తోందని నాకు తెలీదు. పదకొండింటికి సింకు దగ్గర నిలబడి, చిన్నాడు వదిలేసిన సగం దోశ టీతో తిన్నాను. మూడింటికి గిన్నె అడుగున ఉన్న అన్నంలో ఊరగాయ కలుపుకున్నాను. పప్పు ఒక గరిటె మిగిలింది, రాత్రికి ఆయనకి సరిపోతుందని ఫ్రిజ్‌లో పెట్టాను. అంతే.

రాత్రి అది ఫోను తీసి, "అమ్మా, మొన్నట్నుంచీ నువ్వు చెప్పినవన్నీ నాన్న తిన్నవి" అంది.

జవాబు లేదు నా దగ్గర. కావాలని అబద్ధం చెప్పలేదు. వండినవి గుర్తున్నాయి, వడ్డించినవి గుర్తున్నాయి, నేను తిన్నదే గుర్తులేదు. అది యాప్‌లో 'సగం దోశ' అని రాస్తే, టిఫినా భోజనమా అని అడిగింది. ఎంగిలి అనే గడి అందులో లేదు.

మన తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. రాయదుర్గంలో మెట్రో ఎక్కితే మారకుండా అదే లైన్లో వెళ్లి దిగచ్చు. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదు వచ్చిందట. మన దేశపు తిండి మీద మన యాప్ కావాలని, వందేళ్లు నిండిన 2018లో న్యూట్రిఫై ఇండియా నౌ అని వాళ్లే ఒకటి తెచ్చారు. 2017లో వాళ్లు అచ్చువేసిన పట్టికలో 528 రకాల పదార్థాలున్నాయి. అమ్మాయి వీటన్నిటినీ తవ్వి, 2020 నాటి వాళ్ల సిఫార్సులు నా ముందు పెట్టింది. రోజుకి ఇనుము మగవాళ్లకి 19 మిల్లీగ్రాములు, ఆడవాళ్లకి 29.

ఆ రెండు అంకెలూ చాలాసేపు చూశాను. ఆయనకన్నా నాకే ఎక్కువ కావాలి! గోంగూర, తోటకూర, ఉలవలు నా చేత్తోనే ఇంటిల్లిపాదికీ వడ్డిస్తున్నాను. పైగా తిండితో పాటు తాగే టీ, ఉన్న కాస్త ఇనుమునీ ఒంటికి పట్టనివ్వదట.

మావారికి చెబితే నిజంగానే కంగారుపడ్డారు. కానీ "నాకు చెప్పొచ్చుగా" అన్నారు చూడండి, ఒళ్లు మండిపోయింది. ఏం చెప్పాలి? తినొద్దని ఎవరూ అనలేదు. గిన్నెలో ఉంది, గరిటె నా చేతిలోనే ఉంది. ఇది ఎవరి మీద ఫిర్యాదు చేయాలో నాకే తెలీదు.

మా అత్తయ్య ఆ రాత్రి ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పన్నెండున్నరకి కంచాలు రెండు పెట్టి, "నువ్వు కూర్చుంటేనే నేను తింటాను" అన్నారు. ఆవిడకి మాత్రలు వేసుకునే టైము అది, ఆలస్యం కాకూడదు. ఇంక నాకు దారేది? ఇప్పుడు రోజూ అదే జరుగుతోంది. వండగానే నా పప్పు, నా కూర ఒక గిన్నెలో విడిగా తీసేస్తున్నాను. అన్నంలో నిమ్మకాయ పిండుకుంటున్నాను. టీ మానలేదు, గంట వెనక్కి జరిపాను.

అమ్మాయి తన తిండి కూడా ఎక్కిస్తానంది, నేను వద్దన్నాను. పదిహేడేళ్ల పిల్ల కేలరీలు లెక్కపెట్టుకుంటూ కంచం ముందు కూర్చోవడం నాకిష్టం లేదు. ఆ విషయంలో ఓ కన్ను వేసే ఉంచాను.

మూడు నెలలకి 11.2 వచ్చింది. మాత్రల వల్లే ఎక్కువ, ఆ మాట ఒప్పుకోవాలి. మావారి ఆఫీసు పోటీ అయిపోవడంతో ఆయన రాయడం మానేశారు. అమ్మాయికి పరీక్షలొచ్చాయి. రాత్రి తొమ్మిదైతే ఫోను మోగుతుంది, భోజనం ఎక్కించలేదని. నేను అప్పటికి తినేసి ఉంటున్నాను.

చిన్నాడు మాత్రం ఇంకా సగం వదిలేస్తూనే ఉన్నాడు. అందుకని వాడికి చిన్న దోశ వేస్తున్నాను.